తరుగు

కొత్తపేటలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.
ఒంటిగంటకి రమ్మంటే పదకొండున్నరకే వచ్చి
మెట్ల మీద కూర్చున్నాను,
ఎక్కడ ఆలస్యమైపోతుందోనని.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం నిండా ప్రశ్నలు, ప్రతిదానికీ ఐదు గళ్ళు:
ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా.
"ఎంతుందో కాదండీ, మీ రోజుని అది ఎంత తింటోందో చూద్దాం" అంది.
గత ఆరు నెలల్నీ ఈ గళ్ళలో సర్దాలట.
ఆరు నెలలు!
నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చెప్పగలిగితే
నేనిక్కడికెందుకు వస్తాను?

వస్తువులు పోగొట్టుకుంటారా?
లాడ్జి సెంటర్లో తాళాలు చేసే ఖాదర్‌వలీ
నన్ను దూరం నుంచి చూసే ఆకురాయి తీస్తాడు.

పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారా?
సగం ఫాలు కుట్టిన చీర. సగం రంగేసిన కిటికీ.
పర్సులో డబ్బులుండగానే కట్టని కరెంటు బిల్లు.
లైన్‌మన్ వచ్చి ఫీజు పీకాక
చీకట్లో పిల్లాడు అడిగాడు, "అమ్మా, మనం పేదవాళ్ళమా?"
ఏ గడిలో పెట్టను దీన్ని?
జరిగింది ఒక్కసారే. అరుదుగా.

ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనసు ఎటో పోతుందా?
పోతుంది. ఈ ప్రశ్న చదువుతుంటేనే పోయింది,
కింద జ్యూసుబండి మిక్సీ మోతలోకి,
"చక్కెర తక్కువ" అన్న గొంతులోకి, అక్కణ్ణుంచి
బ్రాడీపేట నాలుగో లైను రెండో అడ్డరోడ్డు ట్యూషనుకని బయల్దేరి
రెండో లైను నాలుగో అడ్డరోడ్డులో
రిబ్బను ఊడిన జడతో నిలబడ్డ పిల్ల దగ్గరికి.
తెలివుంది, ఒళ్ళొంగదు అన్నాడు మాస్టారు.
అమ్మ ముద్దుగానే అనేది, మాలోకమని.
దీనికి ఏడీహెచ్‌డీ అని ఒక పేరుందట.
నాకు ముప్ఫైతొమ్మిదేళ్ళు.
ఇన్నాళ్ళూ దాన్ని నా పేరుతోనే పిలిచారు.

రెండో కాగితం మనల్ని రోజూ చూసేవాళ్ళు నింపాలి.
మా ఆయన చదవకుండానే
పైనుంచి కిందిదాకా చివరి గళ్ళ మీదుగా ఒకటే గీత లాగాడు.
"ఇది చెల్లదండీ" అని డాక్టరమ్మ ఇంకోటి ఇచ్చింది.

మిర్చి యార్డులో మా కమీషన్ కొట్టు.
పదకొండేళ్ళుగా నేను చిట్టా రాస్తాను, యలమంద కాటా చూస్తాడు.
తేజా టిక్కీ మీద కాగితం పరిచి
ఘాటుకి తుమ్ముకుంటూ, వేలుపెట్టి కూడబలుక్కుని చదివాడు.
"ఆలస్యంగా వస్తారా అంటే, రారు.
లెక్క తప్పుద్దా అంటే, తప్పదు.
మరి ఒక్కో పట్టీ మూడేసిసార్లు కూడతారే,
అన్నండబ్బా మూతకి లోపల చీటీ అంటించుకుంటారే,
మేమంతా పోయినా లైటేసుకుని కూర్చుంటారే,
అది ఏ గడమ్మా?"
కాసేపు కాటా వైపే చూశాడు.
"ఇది గోనె బరువు తీసేసుద్ది.
మోసేవాడి వీపు తియ్యదుగా."

గళ్ళన్నీ అలాగే వదిలేసి
ఆ ముక్కే అంచున వంకరటింకరగా రాసి
కారం అంటిన వేలిముద్రతో సహా ఇచ్చాడు.

డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.
నావన్నీ కూడి ఒక అంకె వేసింది,
అంకె కింద ఇంకేదో చాలాసేపు రాసింది.
అంకె ఎంతో అడగడం మర్చిపోయాను.

మెట్లు దిగి, ఆటోలో ఒక కాలు పెట్టి,
మళ్ళీ రెండంతస్తులూ ఎక్కాను.
గొడుగు కుర్చీకి వేలాడుతోంది.
"ఈ నెల్లో ఇది ఎన్నోసారి?" అంది నవ్వకుండా, పెన్ను మూత తీస్తూ.

"ఈ గొడుగైతే మొదటిసారేనండీ.
నిన్నే కొన్నాను."