దూది మీద నలుపు

ముప్ఫై మూడేళ్లు కింగ్ జార్జి ఆసుపత్రిలో
గాయాలు తుడిచిన చేతులివి.
ప్లేట్లు తుడవడం ఒక లెక్కా, అనుకున్నాను.

అల్లిపురంలో మైకుసెట్టు కాసులు
కొట్టు ఖాళీ చేస్తూ ఇచ్చిన ట్రంకుపెట్టె.
తుఫానులో రెండ్రోజులు నానింది.
తర్వాత పోర్టు దుమ్ము, ఆ ఎర్రటి ఇనుప దుమ్ము,
మా మేడమీద ఆరేసిన తెల్లచీరని
ఏనాడూ తెల్లగా ఉండనివ్వనిది.
ఆ తర్వాత బొద్దింకలు.
"నీల్లు సూసుకో సిస్టరమ్మా,
మజ్జిన కాయితం తడిస్తే పేరెల్లిపోద్ది," అన్నాడు.
అంతవరకే చెప్పాడు.

వినైల్ ప్లేట్లు బుద్ధిమంతులైన రోగులు.
వంటింటి గట్టు మీద పాత తువ్వాలు,
బ్యాటరీల కొట్లో కొన్న డిస్టిల్డ్ వాటరు,
లీటరుకి ఒక్క చుక్క గిన్నెల సబ్బు,
పసిపిల్లల తల దువ్వే బ్రష్షు.
గీత వెంటే గుండ్రంగా వెళ్లాలి, అడ్డంగా ఎప్పుడూ కాదు.
మొండి జిడ్డుకి కాస్త స్పిరిట్.
కడిగినవి కంచాల స్టాండులో నిలబెడితే
పొద్దున్నే మా ఆయన ఉప్మాకని చెయ్యి పెట్టి
ఒక పెళ్లిపాటల ప్లేటు పట్టుకొచ్చాడు.

పెట్టె అడుగున, గోనెలో చుట్టి, ఒకటి బరువుగా ఉంది.
గోరు తగిలితే కంచులా మోగింది.
మధ్య కాగితాన్ని పురుగు ఎప్పుడో తినేసింది.
మురికంతా అక్కడే, ఆ నడుమే.
గాయాన్ని లోపల్నుంచి బయటికి తుడవాలని
మొదటి ఏడాదే నేర్పారు మాకు.
దూది. స్పిరిట్. మధ్యలోంచి.

దూది నల్లబడింది.
మారిస్తే మళ్లీ నల్లబడింది.
ఎంత మురికే నీకు, అన్నాను,
డ్రెస్సింగు గదిలో పిల్లల్ని ముద్దుగా తిట్టినట్టు.
ఏడో దూది వేళ్లకి అంటుకుంది.
ఏదో వాసన.
ఏటికొప్పాకలో తిరిగే బొమ్మకి
రంగుకర్ర ఒత్తినప్పటి వాసన కాదు గాని
దాని చుట్టమే.

లక్క.
స్పిరిట్‌లో కరిగిపోయే లక్క.
మురికి ఎప్పుడో పోయింది.
నేను పాటని తుడుస్తున్నాను.

కాసులొచ్చి మిషను తిప్పాడు.
ఎవరో అమ్మాయి. సన్నటి గొంతు,
నిండు బిందె మెట్లెక్కుతున్నట్టు జాగ్రత్తగా.
హార్మోనియం వెనకబడితే ఆగి, మళ్లీ కలుపుకుంది.
పాట దాదాపు అంతా ఉంది.
ఆఖరి రాగం దించుతుండగా
సూది నా తుడుపులోకి జారింది.
ఇక సొర్రుమని ఒకటే హోరు,
అర్ధరాత్రి జాలారిపేట దగ్గర సముద్రంలా.

కాసులు చెయ్యి తీయలేదు.
"ఆకర్న పేరు సెప్పీది," అన్నాడు.
"ఆ రోజుల్లో పాడినోలు పాటయ్యాక పేరు సెప్పుకునీవోరు.
సిన్నప్పుడు ఇన్నాను. ఏటో రత్నం...
కాదు. గేపకం లేదు."
టీ ఇస్తే తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ ఏడు దూదులూ హార్లిక్స్ సీసాలో ఉన్నాయి.
ఎందుకు దాచావంటే నా దగ్గర జవాబు లేదు.

రైలు పట్టాల మీంచీ, బీచి ఇసకలోంచీ
ఎవరూ వెంట లేకుండా వచ్చేవాళ్లకి
మా రిజిస్టరులో ఒక వరస ఉండేది.
కొత్త కవరు మీద అదే రాశాను:
పేరు తెలియదు. ఆడ. వయసు సుమారు ఇరవై.
పెన్ను మూయబోయి, ఇంకో ముక్క కలిపాను:
తెచ్చినప్పుడు స్పృహలోనే ఉంది,
పేరు చెప్పగలిగే స్థితిలో ఉంది.
కింద నా సంతకం, డ్యూటీలో ఉన్నది నేనే కనక.