సాలు

నా దుకాణం ఫహాహీల్ పాత సూక్‌ల, మెట్లు దిగితే
మూడో షట్టర్.
రిఫైనరీ కవరాల్స్ కుడుత, చినిగిన జేబులు అతుకుత.
కొలతల బుక్కుల పేరు పక్కన పనీ ఊరూ రాసుకుంట:
లింబాద్రి, పైప్ ఫిట్టర్, వేల్పూర్.

మొదటి ఏడు మెడ పదిహేను.
రెండో ఏడు పదహారు.
"మెస్సు కూడు వడ్డదిరా నీకు" అని నవ్విన.
మూడో ఏడు నడుము నడుమే ఉన్నది,
చేతులే పెరిగినయి.
టేపు అబద్ధమాడదని తెలిసీ
ఇంకో టేపు తెచ్చి మళ్ళ కొలిచిన.
నలభై ఒక్క ఏండ్ల మనిషికి
ఎదిగే పిల్లగానికి వదిలినట్టు
మడతల బట్ట వదులుతరా ఎవలన్న?

చేతి తొడుగులు పిగిలితే
ఫోర్‌మన్ జీతంల కోసిండు.
బూటు ఎనిమిది కెళ్లి పదకొండుకు పోయింది.
వేలు బిగిసిన ఉంగరాన్ని రంపంతోని తీపిచ్చి
రెండు ముక్కలు నా గుండీల డబ్బల దాచుమన్నడు.
అండ్లనే ఉన్నయి ఇప్పటికీ.
పండ్ల నడుమ సందులు, గొంతుల గోనెసంచి.
వాని గురకకు ఆరుగురు
ఆగస్టుల, మంచాలు వరండలకు గుంజుకున్నరు.

సివిల్ ఐడీ కౌంటర్ల పోలీసు
ఫోటో చూసిండు, మొకం చూసిండు,
"హాదా మూ ఇంత" అన్నడు.
ఇది నువ్వు కాదు, అని వాళ్ళ మాట.
మావోనికి ఆఖరి ముక్కనే అర్థమైంది.
"ఇంత ఎందుకైన్నో
నాకేమెరుక సార్."

తలకాయల శనగగింజంత గడ్డ.
పెరుగు పెరుగు అని ఒంటికి చెప్పే కాడ కూసున్నది.
మిస్రీ డాక్టర్ కాయితం మీద పూసలు గీసిండు, పద్నాలుగు.
మూడో పూసకూ పద్నాలుగో పూసకూ ముడి.
నా కండ్లకు కాజా కుట్టు లెక్కనే కనవడ్డది.
పేరు సొమాటోస్టాటిన్ అట.
ఆ వార్డు తుడిచే రాయచోటి రెడ్డమ్మ
పదేండ్ల అరబ్బీని మాకు తెలుగు చేసింది:
"అది వద్దని చెప్పే రసం నాయనా.
పెరిగేదాన్ని చాలంటాది, కడుపును నిదానమంటాది.
బుర్రలోనూ ఉండాది, క్లోమంలోనూ ఉండాది.
ఒంట్లోది రెండు మూడు నిమిషాలే బతుకుతాదంట,
సూదిలోది నెల్లాళ్ళు.
ఒక్కసారి చెబితే ఇననోళ్ళకి
నెల్లాళ్ళూ చెప్పాల గదా."

ఆమె చాలు. వాడు సాలు.
మా దిక్కు సాలంటే నాగలి గీత గూడ.
గట్టు రాంగనే ఎద్దు తనంతట తనే మళ్ళుతది.
లింబాద్రి ఎముకలకు గట్టు కనవడలే.

గడ్డ సగం తీసిండ్రు.
మిగిలిన సగం పెద్ద నరాన్ని కావలించుకున్నది, ముట్టలేదు.
నెలకో సూది, పిర్ర మీద.
సూది నాడు తిన్న పప్పు
క్యాంపు బస్సులెక్క, ఎక్కినోళ్ళు ఎక్కినట్టే,
ఇంజన్ నడుస్తది, బండి కదలది.
కడుపు పట్టుకొని వచ్చి నా స్టూల్ మీద కూసుంటడు,
మిషిన్ చప్పుడు ఇనుకుంట.

ఏడాదైంది.
మొకం జర తేలికైంది, గురక తగ్గింది,
ఎముక మాత్రం ఎనుకకు రాదట.
మొన్న కొలిస్తే మెడ పదహారున్నర.
పోయిన సారీ అదే. అంతకు ముందూ అదే.
ఒకే అంకె మూడు సార్లు రాసి
నా రాతను నేనే ముద్దుగ చూసుకున్న.

"మడతల బట్ట వదలకు అన్న,
ఇగ అవసరం పడది" అన్నడు.
సరే అన్న.
వాడు మెట్లెక్కి పోయినంక, సుద్ద దీసి
అరంగుళం వదిలిన.