తుప్పు

చింగెల్తేయ్ కొండవాలున సాయంత్రం ఐదయ్యేసరికి
ప్రతి గుడారం నెత్తినా ఒక గొట్టం,
ప్రతి గొట్టం నోటా ఒకే మాట.
పొగ పైకి పోదు, పక్కకు జరగదు.
ఉలాన్‌బాతర్ మీద చలి మూత బోర్లించి
దాని మీద తనే ఎక్కి కూర్చుంటుంది.

అమ్మ బొగ్గు ఇటుకలు అమ్ముతుంది.
నేను ఊరి చివర చిన్న కార్ఖానాలో
చత్సర్గాన నూనెను సీసాల్లో నింపుతాను.
"త్సెవెల్మా, నీది జబ్బు, నీ పిల్లది మందు.
ఇల్లు గడవక ఏమవుతుంది?"
అంటాడు పక్క గుడారం దంజాద్ తాత,
దగ్గుకీ దగ్గుకీ మధ్య.

ఉవ్స్ నుంచి వస్తాయి పళ్లు,
గోనెసంచుల్లో, గులకరాళ్లలా గడ్డకట్టి,
ఊదితే రాజుకునే నిప్పుకణిక రంగులో.
కొమ్మ నిండా ముళ్లే.
మంచు బిగిశాక కర్రతో ఒక్క దెబ్బ, జలజలా రాలతాయట.
చేతులు గీరుకుపోయిన ఆడవాళ్ల పేర్లు
సంచి మీద ఉండవు.
బరువుంటుంది.

మొదటి జీతం రోజున ఒక సీసా తెచ్చాను.
"ఇదేం చేస్తుందే?"
"గాలిలో మసి చర్మాన్ని తింటుందమ్మా,
ఇనుమును తుప్పు తిన్నట్టు.
ఈ నూనె ముందు తాను తుప్పుపట్టి
నీ వంతు కాస్త వాయిదా వేస్తుంది."
యాంటీఆక్సిడెంట్ అన్న మాటను
అంతకన్నా కిందికి దించడం నాకు చేతకాలేదు.
అమ్మ పొయ్యి తలుపు వంక చూసింది,
బుగ్గ తడుముకుంది.
"అయితే నన్నూ దీన్నీ ఒకే గాటన కట్టావన్నమాట."

ఆ రాత్రి నేనే రాశాను, మూడు చుక్కలు.
కళ్ల కింది మడతల్లోంచి దూది
నారింజరంగులో వస్తుందనుకున్నాను.
నల్లగా వచ్చింది.
మళ్లీ నల్లగా.
ఐదోసారికి బూడిదగా.
ఏడోసారికి అమ్మ.
ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ,
ఇరవై మూడేళ్లుగా నాకు తెలియనిది.

నెల తిరిగేసరికి పగుళ్లు పూడాయి, మంట తగ్గింది.
దగ్గు తగ్గలేదు.
"కాలుష్యానికి కవచం" అని
రోజుకు నాలుగు వందల సీసాలకు చీటీ అంటించేది నేనే.
కవచం ఎక్కడిదాకా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
అమ్మ అడిగింది, ఎదురురొమ్ము మీద చెయ్యేసి,
"ఇక్కడికి రాదా?" అని.
బయట సున్నాకు కింద ముప్పై.
నేనేం మాట్లాడలేదు,
పొయ్యిలో ఇంకో ఇటుక పెట్టాను.

ఇప్పుడు అంగట్లో తక్కెడ పక్కనే ఆ సీసా.
బొగ్గు కొన్నవాళ్ల చెంపకు
వేలికొసతో ఒక చుక్క అద్ది పంపుతుంది,
దానికి లెక్క కట్టదు.
"తుప్పు పట్టకండి నాయనా" అంటుంది, ముసలీ ముతకా తేడా లేకుండా.
దంజాద్ తాత రోజుకు రెండుసార్లు వస్తాడు,
ఒక్క ఇటుకా కొనడు.

సాయంత్రం మిగిలిన సంచులు లోపల పెడుతుంటే చూశాను.
నల్లటి గోనె మీద అక్కడక్కడ
నారింజరంగు వేలిముద్రలు.