ఇనపరాజు రంగు

ఇనపరాజు మళ్లీ వస్తున్నాడని
కాశీబుగ్గలో అందరికంటే ముందు తెలిసింది ముఖలింగానికి.
జీడిపిక్కల బట్టీ దగ్గర్నుంచి ఫోను చేశాడు:
"ఒరే, ఆడేరా! ఆడే! కొత్తగా తీసినారట!"
వెనకాల పిక్కలు చిటపటలాడుతున్నాయి,
వాడి గొంతు కూడా.

శనివారం రాత్రి రిపేరు షాపు షట్టరు సగం దించి
ఎవరో బాగుకిచ్చి ఇంకా తీసుకెళ్లని టీవీని
బల్ల మీదకెక్కించాను.
తవిటినాయుడు ఆటో ఆపి వచ్చాడు, ఖాకీ చొక్కా విప్పకుండానే.
జయమణి గ్రేడింగు షెడ్డు నుంచి నేరుగా,
జడ నిండా జీడిపప్పు పొట్టు.
నా కూతురు మోక్ష హోంవర్కు పేరు చెప్పి
స్టూలెక్కి కూర్చుంది.

పేర్లు పడ్డాయి. పాట మారింది. సరేలే అనుకున్నాం.
కొండ వెనకనుంచి వాడు లేచి నిలబడ్డాడు.

ఆకుపచ్చ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ముప్పై ఏళ్ల కిందట, పంచాయతీ ఆఫీసు నలుపూతెలుపూ టీవీలో
ఇనపరాజుది బూడిదరంగు.
అసలు రంగు ఎరుపని నేను, నీలమని తవిటినాయుడు
చొక్కా గుండీలు తెగేదాకా కొట్టుకున్నాం.
జయమణి మధ్యలోకొచ్చి "ఇత్తడి" అని తీర్పు చెప్పింది.
"పచ్చేటిరా? చిలకా?" అన్నాడు తవిటినాయుడు చివరికి.
గెలిచినవాడే లేని చోట
ఓడినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం
భలే ఇబ్బంది.

రెండో భాగం
జయమణి కళ్లు మూసుకుని వింది.
"మోకాలు సప్పుడు లేదు" అంది.
పాతవాడు అడుగేస్తే బావి గిలక తిరిగినట్టు కిర్రుమనేది.
ఆ చప్పుడు నోటితో చేస్తూ బడికెళ్లేది తను,
ఎదరొచ్చిన మేకలు తప్పుకునేవి.
వీడు పిల్లిలా నడుస్తున్నాడు.
"నూనేసినారు కాబోలు" అంటూ మంచినీళ్లకి లేచింది.
ఆమె మోకాలు కిర్రుమంది.
మేం నవ్వాం, మాకంటే ముందు ఆమె.

గొంతు మాత్రం బాగుందని ఒప్పుకున్నాడు తవిటినాయుడు.
పాతవాడికి ఎప్పుడూ రొంపే.
ఆ రొంప గొంతుతోనే కదా
పలాస స్టేషను వెనక గూడ్సు బళ్ల నీడలో
రోజుకో లోకాన్ని కాపాడాం.

మూడో భాగంలో వాన.
ఇనపరాజు వంతెన కింద కూర్చున్నాడు,
ఎవర్నీ కొట్టకుండా, ఒక్కడూ, చాలాసేపు.
"ఏటిది? యుద్ధమేదీ?"
ముఖలింగం రిమోటు వెతికాడు.
జీడినూనెకి నల్లబడి గీతలు అరిగిన వేళ్లు,
రేషను డిపోలో మిషను గుర్తుపట్టని వేళ్లు.
"తిప్పకు బాబాయ్, ఆడు ఆలోచిస్తన్నాడు" అంది మోక్ష.

వాడి కోపం వాన మీద కాదని నాకు తెలుసు.
అప్పట్లో ప్రతి ఆదివారం
యుద్ధం సగంలో ఉండగా కరెంటు పోయేది.
మిగతా సగం ముఖలింగం చెప్పేవాడు,
వాళ్లమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొడుతూ,
దెబ్బకో శత్రువు.
వాడి ఇనపరాజు ఒకసారి సముద్రం తాగేశాడు.
బారువ తీరంలో వలలు తెంపి, జాలర్లకి దండం పెట్టాడు.
తుఫాను మెడపట్టి ఒడిశా దాకా తరిమొచ్చాడు.
ఇవేవీ టీవీలో రాలేదని
మాకు మీసాలొచ్చాక గానీ తెలీలేదు.

ఇప్పుడు యుద్ధం మొత్తం చూపిస్తున్నారు,
ఎక్కడా తెగకుండా, ఆఖరి బోల్టు ఊడేదాకా.
ముఖలింగానికి ఏం మిగిల్చారు?

జయమణి ఆ సముద్రం సంగతి చెబుతుంటే
మోక్ష ఇటు తిరిగి కూర్చుంది.
"మరి సేపలేటైనాయి బాబాయ్?
ఆడి కడుపులో ఈదుతాయా?"
ముఖలింగం గోడ మీది బల్బు కేసి చూశాడు.
"ఎలుతుర్లో రాదమ్మా నాకు కత."

తెర మీద నాలుగో భాగానికి అంకెలు దిగుతున్నాయి,
తొమ్మిది, ఎనిమిది, ఏడు...
నేను లేచి
మెయిన్ స్విచ్ దగ్గరికెళ్లాను.