తలుపు పడని బండి

పర్లాకిమిడి హైస్కూలు రోడ్డులో
జిరాక్సు మిషను చల్లారాక
షట్టరు సగం దించి
పెట్టె మూత తీస్తాను.

తొంభై రెండు ముక్కలు.
ప్లాస్టిక్ కాడలకి పిందెల్లా వేలాడుతూ
చక్రాలు, బంపరు, గోరంత స్టీరింగు.
ఇరవై నాలుగో వంతు అంబాసిడర్.
పద్నాలుగేళ్లు దాటినవాళ్లకి మాత్రమే అని
అట్ట మీద హెచ్చరిక.
అసలు బండి ఎక్కినప్పుడు నాకు పదకొండు.

ఎక్కడమంటే సీట్లోకి కాదు.
క్లీనరుని.
గొర్లె దండాసి టాక్సీకి
నీళ్ల డబ్బా నేనే, రాయీ నేనే.
రైలు గేటు దగ్గర బండి ఆగితే దూకి
వెనక చక్రం కింద రాయి పెట్టేవాణ్ణి.
హేండ్‌బ్రేకు అనేదొకటుంటుందని
తర్వాతెప్పుడో తెలిసింది.
(ఇందులో అది ఇరవై ఏడో నంబరు ముక్క.
చీమ కాలంత. పట్టకారులోంచి
రెండుసార్లు ఎగిరిపోయింది.)

కాగితం మొదట ఇంజను బిగించమంటుంది.
దండాసి మొదట నిమ్మకాయ తెమ్మనేవాడు.
గమ్ము వాసన తలకెక్కుతుంది గానీ
కిరసనాయిలు కలిపిన పెట్రోలు వాసన
ఎంత రాత్రయినా రాదు.

రంగు దగ్గర నాలుగు రాత్రులు పోయాయి.
తెలుపు వెయ్యమంది కాగితం.
తెలుపు కాదు. గంజి తెలుపూ కాదు.
గుణుపురం దారి ఎర్రదుమ్ముని
మూడు వానలు కడిగి
నాలుగో వాన విసిగి వదిలేసిన రంగు.
చివరికి టీ డికాక్షను చుక్క కలిపితే
కొంచెం దగ్గరికొచ్చింది.

నంబరు ప్లేటుకి ఏదో దేశం స్టిక్కరు ఇచ్చారు.
పీకేసి సన్న కుంచెతో ఓఆర్‌జీ అని రాశాను.
జిల్లా విడిపోకముందు అక్షరాలు అవి. గంజాం వాళ్లం అప్పుడు.
ముందు అద్దం మీద ఒడియాలో పర్లాఖెముండి,
వెనక అద్దం మీద తెలుగులో పర్లాకిమిడి.
వెళ్లేటప్పుడు ఒక పేరు, వచ్చేటప్పుడు ఒక పేరు.

సీట్లు ఐదుగురికే చేశారు పాపం.
పాతపట్నం సంతరోజున పదమూడుమందిని ఎక్కించాం,
రెండు కోళ్లు, ఒక కుట్టుమిషను,
తెలుగులో తిట్టుకుని
ఒడియాలో రాజీపడిన ఇద్దరు వియ్యపురాళ్లు.
దండాసి సగం ఒళ్లు బయట పెట్టి
మోచేత్తో గాలిని తోసుకుంటూ నడిపేవాడు.
డ్రైవరు బొమ్మ పెట్టెలో రాలేదు.

గేరు కర్ర కూడా రాలేదు.
కాడ చివర ఉత్త మొన.
కొమ్ము పనిచేసే లింగరాజ మహారణా దగ్గరికెళ్లాను,
దున్నకొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కే మనిషి.
"ఏతే ఛొటొ!" అని నవ్వి
రొయ్య మీసం ఒకటి విరిచి చేతిలో పెట్టాడు.
స్టీరింగు పక్కన సరిపోయింది,
నల్లగా, నిజం గేరులాగే కాస్త వంకరగా.

నిన్న దండాసి ఇంటికి పట్టుకెళ్లాను.
కళ్లల్లో శుక్లాలు. ఒళ్లో పెడితే
చీకట్లో చుట్టముక్క వెతికినట్టు తడిమాడు.
బానెట్టు. అవును.
డిక్కీ. అవును.
గేరు దగ్గర వేలు ఆగి కాసేపు నవ్వింది.
ఎడమవైపు వెనక తలుపు మీద మాత్రం
గోరుతో గీసి గీసి చూశాడు.
"ఈ తలుపు మూసుకుపోనాదేట్రా గుంటడా?
మన బండి కాదిది. ఎవలదో."

మర్చేపోయాను.
ఆ తలుపు ఏనాడూ పడలేదు.
గోగునార తాడుతో ముందుసీటుకి కట్టి
మలుపొచ్చినప్పుడల్లా
ఆరేళ్లు తాడు లాగిపట్టుకుని కూర్చుంది నేనే.
ఎడమ అరచేతిలో అడ్డంగా ఒరుపు ఇంకా ఉంది.
చెయ్యి చూసేవాళ్లు దాన్ని
విదేశయానం అంటారు.

ఈ రాత్రి బ్లేడు తీశాను.
నారపోగు ఒకటి తడిపి పక్కన పెట్టుకున్నాను.
ఆరిన గమ్ము మీద మొన ఆనించి
ఊపిరి బిగబట్టి
అంత కుదురుగా కట్టిన బండిని
వెంట్రుకవాసి పాడుచేస్తున్నాను.

టక్కున కిటికీ అద్దం ఊడింది.
ఊడనీ.
అదీ ఉండేది కాదు.