ఏడు మిల్లీమీటర్లు

పీణ్యలో ఇరవై ఏళ్లుగా లేత్ మీద
ఇనుమును దారాల్లా ఒలిచేవాణ్ణి,
ఏడు మిల్లీమీటర్లు నాకో లెక్కా?
చిటికెనవేలి గోరు వెడల్పు లేదు.
అయినా ఆ రాత్రి
అట్టపెట్టెలోంచి కొత్త సిలిండరు తీసి
పాతదాని సరసన నిలబెడితే
గిద్ద పక్కన సోల పెట్టినట్టుంది.

బండి శివాజీనగర్ గుజరీలో దొరికింది.
యాభై సీసీ టూ స్ట్రోక్. పిల్లల డర్ట్ బైక్.
ముందు మడ్‌గార్డు మీద ఎవరిదో పేరు
బ్లేడుతో గీకేసి ఉంది.
మా అక్క కూతురు హంసిని దాని మీద
హోస్కోటె అవతలి మట్టిగుంతల్లో రెండేళ్లు దొర్లింది.
ఇప్పుడు మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతున్నాయి.
గట్టు ఎక్కేచోట బండి
ఉబ్బసం మనిషిలా సగంలో ఆగి
వెనక్కి చూస్తోంది.
కొత్త బండికి డబ్బుల్లేవు.
కొత్త సిలిండరుకి ఉన్నాయి, సుమారుగా.

పని ఆ పిల్లది. టార్చి పట్టుకోవడం నాది.

సైలెన్సరు, కార్బురేటరు, హెడ్డు,
నలభై ఎమ్మెమ్ బ్యారెల్, దాని వెనకే
నల్లబడిన పిస్టన్.
క్రాంక్‌కేసు నోట్లో నా పాత లుంగీ ముక్క కుక్కింది.
కొత్త పిస్టన్ బాణం గుర్తు ఎటు చూడాలో
నన్ను అడిగింది, నాకు తెలుసో లేదో చూద్దామని.
"ఎగ్జాస్ట్ వైపు" అన్నాను.
"పాస్" అంది.

చివరి సర్‌క్లిప్పు. చంద్రవంక అంత కూడా లేదు,
రాలిన కనురెప్ప వెంట్రుక అనుకోండి.
అయిపోయిందిలే, లోపల వెలుతురు పడాలని
గుడ్డ లాగేసింది నేనే.
టిక్.

ఆ చప్పుడు ఎటు వెళ్లిందో
ఇద్దరిలో ఎవరికీ తెలీదు.

"బయటే పడుంటుంది, వేరేది పెట్టి కిక్ కొట్టు" అన్నాను.
ఇరవై ఏళ్ల అనుభవంతో అన్నాను.
హంసిని స్పానర్ కింద పెట్టేసింది.
"లోపల లేదని తెలిసేదాకా
ఉన్నట్టే మామా."
పద్నాలుగేళ్ల నోటికి జవాబు లేక
పదకొండింటికి చాప కింద వెతికాం.
పన్నెండింటికి చెప్పుల్లో, చీపురు ఈనెల్లో.
ఒంటిగంటకి ఇంజిన్ని తల్లకిందులు చేసి ఊపాం,
దిబ్బిలో రూపాయి బిళ్ల కోసం ఊపినట్టు.
ఏమీ రాల్లేదు.
కేసు రెండుగా విప్పుదామని ఆ పిల్ల
మొదటి స్క్రూ మీద చెయ్యి వేసింది.

దొరికింది.
స్క్రూలు పోకుండా నేను పెట్టిన
పాత స్పీకరు అయస్కాంతం అడుగున,
నేను కూర్చున్నవైపే,
బుద్ధిగా అతుక్కుని.
ఇద్దరం దాన్ని చాలాసేపు చూశాం.
ఆమె నవ్వలేదు. అది నాకు ఎక్కువ తగిలింది.

పొద్దున, రింగుని వేళ్లతో అదిమి
నలభై ఏడు బ్యారెల్ దించింది.
నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా,
పెద్ద జెట్టు, పాళ్లు కొలిచిన ఆయిలు.
మూడో కిక్‌కి లేచింది.
గొంతు మారిన కుర్రాడి మాట:
మొదట బొంగురు, తర్వాత
తన గొంతుకి తనే ఉలిక్కిపడి నిశ్శబ్దం.
మళ్లీ.

తిప్పు, పూర్తిగా తిప్పు అంటాను.
తిప్పదు.
వేడెక్కనిస్తుంది, ఆపుతుంది,
ఫిన్‌ల మీద చెయ్యి పెట్టగలిగేదాకా కూర్చుంటుంది.
ప్లగ్గు విప్పి చూస్తుంది: ఇంకా నల్లగానే,
వక్క రంగు రావాలట.
లోపల ఏం మారిందో బ్రేకులకింకా తెలీదు,
వాటికి కూడా అలవాటు కావాలట.

కింది ఇంటి పుట్టమ్మ నీలం పొగలోంచి
తల బయటపెట్టి అరిచింది:
"సాకు! సాకు!"
కన్నడంలో అది చాలు అని.
అనంతపురంలో పుట్టిన నా చెవికి మాత్రం
పెంచు, అన్నం పెట్టి పెద్ద చెయ్యి
అని వినబడింది.
ఇంకో అర్థం కూడా ఉంది. రాత్రి నేను చెప్పింది అదే.

హంసిని ఇంజిన్ ఆపి
చేతి గడియారం చూసుకుంది.
"పది నిమిషాలు" అంది, ఎవరితోనో.