తాడు బరువు

పింఛను కాగితంలో పుట్టిన ఊరు రాయాలట.
"రంగం" అన్నాడు చినతాత.
గుమస్తా కలం ఆపి
"ఏ రంగం? వ్యవసాయ రంగమా, యుద్ధ రంగమా?"
అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.
"రెండోదే అనుకోండి బాబూ" అన్నాడు తాత, నవ్వకుండా.
చివరికి కోరంగి అని రాసేరు.
అదైతే పటంలో దొరుకుతుంది.

రంగూను రేవులో వాళ్ళ నాన్న సంపాను తెడ్డేసేవాడు.
అక్కడివాళ్ళు "కోరంగీ" అని పిలిచేవారు,
ఊరి పేరే తిట్టు.
తిరిగొచ్చాక కోరంగిలో
"రంగమోడి కొడుకు" అన్నారు.
బులిసోములు అని పూర్తిగా పిలిచినవాళ్ళు
రెండు రేవుల్లోనూ తక్కువే.

బాంబులు పడ్డాక నడక.
నలభై రెండో సంవత్సరం, తొమ్మిదేళ్ళ కాళ్ళు.
వాళ్ళమ్మ నలుగురు పిల్లల్నీ ఒకే కొబ్బరి తాడుకి
నడుముల దగ్గర ముడేసిందట,
ముందు తను, అందరికన్నా వెనక కనకరత్నం.
కొండదారి, మంచు, కలరా.
ఒక మలుపులో
తాడు తేలికైంది.

అంతే చెప్పేవాడు.
చుట్ట ఆరిపోయేది.
ఎవరో ఒకరం లేచి అగ్గిపెట్టె వెతకాలి.

ఊళ్ళో దొరికింది పెదనాన్న చూరు కింద చాపెడు చోటు,
ఎవరింట్లో గంజి వారిస్తే ఆ ఇంటి వెనక చోటు.
పన్నెండో ఏట పడవతాడు పట్టేడు.
ధవళేశ్వరం నించి కాకినాడ దాకా
కాలవగట్టు మీద ముందుకి వంగిపోయి
వడ్ల బస్తాల్ని లాగేడు, పెంకుల్ని లాగేడు,
ఓసారి పెళ్ళివారిని, ఓసారి పోలీసుల్ని.
పడవలో ఎవరున్నారో అతను చూడలేదు,
వాళ్ళంతా అతని వీపు చూసేరు.
రోజుకి ఆరణాలూ అంబలీ.
ఛాతీకి అడ్డంగా తాడు కోసిన గాడి
చచ్చేదాకా పోలేదు.
"నాకూ ఒడుగు చేసేర్రా, కాలవే చేసింది" అనేవాడు.
తోటివాళ్ళు బరువని పడవని బూతులు తిడుతుంటే
ఇతను మాత్రం
బరువుంటే భయం లేదనేవాడట.

తర్వాత లాకు మీద కలాసీ పని.
పైన తలుపు, కింద తలుపు, నడుమ నీళ్ళ గది.
నీళ్ళు రెండుపక్కలా ఒక మట్టానికొస్తేనే
తలుపు కదుల్తుంది,
జమీందారు తోసినా అంతే, చంటిపిల్ల తోసినా అంతే.

కుంచం మీద మానెడు పెంచమని
కూలోళ్ళు కోతలాపేసిన ఏడు
పైఊళ్ళ నించి కొడవళ్ళతో మనుషుల్ని
పడవెక్కించి తెచ్చేరు, వాళ్ళ వెనక లాఠీలు.
నడిరేతిరి. "తియ్యరా తలుపు."
లాంతరెత్తి కొలబద్ద చూసి
"సమానం కాలేదండి" అన్నాడు.
గంటాగి అడిగేరు.
"ఇంకా కాలేదండి."

తెల్లారేసరికి ఎడంచేతి రెండు వేళ్ళు విరిగున్నాయి.
పడవ అక్కడే ఉంది.
గట్టు పొడుగునా ఆడకూలోళ్ళు, కొంగులు బిగించి.
మానెడు పెరిగింది.
మీటింగులో పేరు చదివితే
తాత అక్కడ లేడు, లాకు తలుపుకి గ్రీజు రాస్తున్నాడు.

పదో తరగతి తెలివితో అడిగేను,
"సమ్మె కోసమేగా ఆపేవు?"
వంకర వేళ్ళతో మీసం నిమిరి
"కింది తలుపు కారుతోందిరా,
నిజంగానే నిండలేదు" అన్నాడు.
ఇంకెప్పుడో, అడక్కుండానే,
దూడకి గడ్డి వేస్తూ,
"ఆ కారడంలో కొంచెం నేను వదిలిందీ ఉందిలే."

లారీలొచ్చేయి.
పడవ చెక్కలు గొడ్లపాకలకి తడికలయ్యాయి.
నీళ్ళ గది నిండా గుర్రపుడెక్క.
ఏ పడవా రాని తలుపులకి
ఎనిమిదేళ్ళు గ్రీజు రాసేడు,
జీతం ఇస్తున్నారు కదా అని.

నాకు ఈత నేర్పింది ఆ లాకు దిగువనే.
నా నడుముకి ఓ కొస కట్టి
రెండో కొస తన ఛాతీ గాడిలోనే చుట్టుకుని
గట్టెమ్మట నడిచేవాడు,
నాలుగడుగులకోసారి గుంజి చూసేవాడు.
"ఉన్నాను తాతా, ఇక్కడే ఉన్నాను!"
నాకు విసుగు.
"తెలుసులేరా" అనేవాడు,
"కాస్త బరువెయ్యి."